నీడ గడియారం ఉన్న ఊరు

చెన్నై వెళ్ళిన మన కుటుంబాలు చూసేవి దాదాపు ఒకటే. ట్రిప్లికేన్‌లో వాలాజా పెద్ద మసీదు, సాయంత్రం మెరీనా, టి. నగర్‌లో బట్టల కొట్లు, మళ్ళీ రైలు. ఆ నగరానికి ఉత్తరాన 60 కిలోమీటర్ల లోపే, మన ఆంధ్ర సరిహద్దుకు దగ్గరలో, ఉప్పునీటి సరస్సు ఒడ్డున ఒక పాత రేవు పట్టణం ఉంది. ఇంగ్లీషువాళ్ళు పులికాట్ అన్నారు. తమిళులు పళవేర్కాడు అంటారు. మన తెలుగువాళ్ళ పాత పేరు ప్రళయకావేరి. నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగిన నేను ఈ పేరు చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను గానీ, ఆ ఊళ్ళో కాలు పెట్టింది మాత్రం నా పిల్లలు కాలేజీకి వచ్చాకనే.

వెళ్ళడానికి కారణం మా అమ్మాయి. కాలేజీలో ఎవరో అడిగారట, “మీవాళ్ళు అసలు ఎక్కణ్ణుంచి వచ్చారు?” అని. అడిగినవాళ్ళ మనసులో ఏముందో తెలియదు. వట్టి కుతూహలమే కావచ్చు. కానీ పిల్ల ఇంటికొచ్చి నన్ను అదే ప్రశ్న అడిగితే, నా దగ్గర మా తాత పేరు దాటి జవాబు లేదు. అంతకు ముందుది ఏదైనా ఉంటే అది మా అబ్బాజాన్ దాచుకున్న ఉర్దూ ఉత్తరాల కట్టలో ఉండాలి. ఆయన పోయాక ఆ కట్ట విప్పినవాళ్ళు లేరు. నాకు ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పిల్లలకు మాట్లాడటమూ అంతంత మాత్రమే.

చెన్నై నుంచి గుమ్మిడిపూండి వైపు వెళ్ళే లోకల్ రైలెక్కి పొన్నేరిలో దిగాం. అక్కణ్ణుంచి బస్సు. జనవరి నెల ఆదివారం ఉదయం. ఊరు నడిపించి చూపించేందుకు ఒప్పుకున్న పెద్దాయన బజారులో టీ కొట్టు దగ్గర ఎదురుచూస్తున్నారు. డెబ్బై ఏళ్ళ పైబడ్డ తమిళ ముస్లిం. సలాములయ్యాక, “మీరు తెలుగులోనే మాట్లాడండి, నాకు సూళ్ళూరుపేట తెలుగు వచ్చు” అన్నారు. పిల్లలు వెంటనే చాచా అని పిలవడం మొదలుపెట్టారు.

నడక మొదలుపెట్టే ముందే చాచా ఒక షరతు పెట్టారు. “నేను మూడు రకాల మాటలు చెబుతాను. రాతి మీద ఉన్నవి, కాగితం మీద ఉన్నవి, మా పెద్దలు చెప్పుకున్నవి. ఏది ఏదో ప్రతిసారీ చెబుతాను. కలిపేసుకోకండి.” ఎన్నో దర్గాలూ కోటలూ చూశాను గానీ ఈ మాట చెప్పిన గైడు నాకు తారసపడలేదు. ఒక మాట ఎవరు చెప్పారు, ఎవరి దగ్గర విన్నారు అని గొలుసు పట్టుకుని వెతికిన హదీసు విద్వాంసుల అలవాటు గుర్తొచ్చింది.

మొదట రాయి. బజారుకు దగ్గరలోనే డచ్చివారి శ్మశానం ఉంది. గుమ్మానికి అటూ ఇటూ రాతిలో చెక్కిన రెండు అస్థిపంజరాలు. మా అబ్బాయి ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టాడు. లోపల 76 సమాధులు, పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. బరువైన రాతి పలకల మీద డచ్చి భాషలో పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు. ఒకప్పుడు ఈ తీరాన్ని శాసించినవాళ్ళు ఇప్పుడు ఎండుటాకుల కింద ఉన్నారు. మేం అక్కడ ఎక్కువసేపు ఉండలేదు.

ఎదురుగా ముళ్ళ చెట్లు, మట్టి దిబ్బ, చుట్టూ కందకం ఆనవాలు. అదే గెల్డ్రియా కోట. కోట అని చెబితే తప్ప తెలియదు. కాగితాల మీదున్న కథ ఇక్కడ మొదలవుతుంది. డచ్చివాళ్ళు రావడానికి నూరేళ్ళ ముందే, విజయనగర రాజుల కాలంలో, ఇది పేరున్న రేవు. 1516 ప్రాంతంలో బార్బోసా అనే పోర్చుగీసు రచయిత ఇక్కడ ముస్లిం, హిందూ వర్తకులు పక్కపక్కనే వ్యాపారం చేస్తున్నారని, పెగూ నుంచి కెంపులు దిగుతున్నాయని, అద్దకం బట్టలు మలక్కాకూ సుమత్రాకూ ఎగుమతి అవుతున్నాయని రాశాడు. తర్వాత అరవీటి వెంకటపతి రాయలు 1610లో డచ్చివారికి ఇక్కడ వ్యాపారానికి అనుమతి ఇచ్చాడు. 1612లో పోర్చుగీసువాళ్ళు వచ్చి వాళ్ళ గిడ్డంగిని ధ్వంసం చేశారు. 1613 నాటికి కోట లేచింది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలో డచ్చివారి ముఖ్య స్థానం ఇదే. మందుగుండు కూడా ఇక్కడే తయారయ్యేది.

ఇక్కడి నుంచి వెళ్ళిన సరుకు బట్ట ఒక్కటే కాదు. ఈ మాట చెప్పేటప్పుడు చాచా గొంతు తగ్గించారు. 1620ల నుంచి డచ్చి ఓడలు ఈ తీరం మీద మనుషులను కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, తోలుకుపోయాయి. వేల సంఖ్యలో. కరువొచ్చినప్పుడు తిండి లేక బిడ్డల్ని అమ్ముకున్నవాళ్ళు, అప్పు కింద జమ అయినవాళ్ళు, ఎత్తుకొచ్చి అమ్మబడినవాళ్ళు. “కొన్నది పరాయివాళ్ళు. పట్టి తెచ్చి అమ్మిన దళారులు ఈ నేలవాళ్ళే. అది కూడా కాగితం మీదే ఉంది” అన్నారు చాచా. ఆ శ్మశానంలో డచ్చివాళ్ళకు పేర్లు చెక్కిన పలకలున్నాయి. వాళ్ళు ఓడెక్కించిన వాళ్ళలో ఒక్కరి పేరూ ఈ ఊళ్ళో ఏ రాతి మీదా మాకు కనబడలేదు. మా ఆవిడ అక్కడే నిలబడి ఫాతిహా చదివింది. ఎవరి కోసమని నేను అడగలేదు.

తర్వాత వీధులు. బట్టల కథ చాచా నడుస్తూ చెప్పారు. మలేషియాలో మగవాళ్ళు నమాజుకు వెళ్ళేటప్పుడు కట్టుకునే గళ్ళ లుంగీని ‘కైన్ పెలికాట్’ అంటారు. ఆ పెలికాట్ ఈ పులికాటే. మన చీరాల నుంచి తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలకు వెళ్ళిన వ్యాపారం దీనికి దగ్గర చుట్టం. ఇప్పుడు ఈ ఊళ్ళో ఆ గళ్ళ బట్ట నేసే మగ్గం చప్పుడు మాకు వినపడలేదు. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఆంగ్లేయుడు మన దుగరాజపట్నం వైపు నుంచి దిగువకు వెళ్ళి మద్రాసు స్థలం సంపాదించిన నాటి నుంచి ఈ రేవు రోజులు మెల్లగా తగ్గుతూ వచ్చాయి. 1825లో ఊరు పూర్తిగా ఆంగ్లేయుల చేతికి వచ్చేసరికి ఇక్కడ పెద్దగా మిగిలింది లేదు.

పెద్దలు చెప్పుకున్న మాట మసీదు వీధిలో విన్నాం. పదమూడో శతాబ్దంలో అరబ్బు దేశంలో కొత్త ఖలీఫాకు కప్పం కట్టనన్న కొన్ని కుటుంబాలు దేశం విడిచి నాలుగు పడవలలో బయలుదేరి ఈ తీరానికి చేరాయట. “ఇది రాతి మీద లేదు. కొన్ని ఇళ్ళల్లో అరబ్బీ కాగితాలున్నాయి. నమ్మేవాళ్ళు నమ్ముతారు” అన్నారు చాచా. మా అమ్మాయి ఊరుకోలేదు. “అంటే ఇక్కడి ముస్లింలు అందరూ ఆ పడవల్లో వచ్చినవాళ్ళేనా?” అంది. చాచా నవ్వి, “ఆ నాలుగు పడవల్లో ఆడవాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారమ్మా? వచ్చినవాళ్ళు ఇక్కడి పిల్లల్నే పెళ్ళాడారు. ఇక్కడివాళ్ళు ఆ దీన్‌ను స్వీకరించారు. మా తండ్రిని మేం వాప్పా అంటాం, తల్లిని ఉమ్మా అంటాం, అన్నం మాత్రం తమిళంలోనే అడుగుతాం” అన్నారు.

అప్పుడు అర్వీ మాట వచ్చింది. అర్వీ అంటే అరబ్బీ లిపిలో రాసిన తమిళం. అరబ్బీలో లేని తమిళ ధ్వనుల కోసం అక్షరాలకు అదనపు చుక్కలు పెట్టి లిపి తయారు చేసుకున్నారు. ఈ తీరం పొడవునా, కాయల్‌పట్నం, కీళక్కరై, సింహళం దాకా ఆ లిపిలో మతగ్రంథాలు, వైద్యం, ఉత్తరాలు అన్నీ రాసుకున్నారు. కీళక్కరైకి చెందిన ఇమాముల్ అరూస్ (1816-1898) రచనలు ఇంటింటా చదివేవారు. బడికి పంపని కాలంలో ఆడపిల్లలు చదువుకున్నది ఎక్కువగా ఈ లిపిలోనే. ఖుర్ఆన్ అక్షరాలు వచ్చిన ప్రతి పిల్లకూ అమ్మ భాష చదవడం దానితోపాటే వచ్చేసేది. తాయిక షుఐబ్ ఆలిం 1993లో ఈ సాహిత్యం మీద పెద్ద పుస్తకమే ప్రచురించారు. చాచా తన ఇంట్లో ఒక చేతిరాత పుస్తకం చూపించారు. అంచులు పురుగు తిన్నది. ఆయన వేలు పెట్టి రెండు వాక్యాలు చదివారు. చెవికి తమిళం, కంటికి అరబ్బీ. “నా తర్వాత ఈ ఇంట్లో చదివేవాళ్ళు లేరు. కొడుకులు దుబాయిలో. అక్కడ అరబ్బీ మాట్లాడతారు, ఇది చదవలేరు” అన్నారు. మా అమ్మాయి ఆ పేజీని చాలాసేపు చూసింది.

జొహర్ వేళ చిన్న పళ్ళివాసల్‌కు చేరాం. తమిళంలో మసీదును పళ్ళివాసల్ అంటారు. ఇక్కడిదే ఆ నీడ గడియారం. వెనుకటి రోజుల్లో ఆజాన్ ఇచ్చే ముందు దీని నీడ చూసేవారు. మా అబ్బాయి ఫోన్‌లో నమాజు వేళలు చూసుకునే రకం. “12 గంటలకే సూర్యుడు నెత్తి మీదికి రావాలి కదా, ఇంకా నీడ తగ్గుతోందే?” అన్నాడు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఈ ఊరు దానికి పడమరన, 80.3 దగ్గర ఉంది. అందుకే దాదాపు 9 నిమిషాలు ఆలస్యం. జనవరి మధ్యలో సూర్యగమనం వల్ల ఇంకో 9 నిమిషాలు కలుస్తాయి. కాబట్టి నడి మధ్యాహ్నం 12 గంటల 18 నిమిషాలకు. చాచా ఈ లెక్కలేమీ వేయలేదు. ఆవరణలో మట్టి నేల మీద ఒక కర్ర నిలువుగా గుచ్చి, నీడ చివర గులకరాళ్ళు పేర్చమన్నారు. నీడ తగ్గి తగ్గి, ఒకచోట ఆగి, మళ్ళీ సాగడం మొదలైంది. అది సాగినప్పుడే జొహర్. ఫోన్ కూడా అదే వేళ చూపించింది.

“మరి అసర్?” అన్నాడు మావాడు, ఈసారి ఫోన్ జేబులో పెట్టి. నడి మధ్యాహ్నపు నీడను పక్కన పెట్టి, ఆపైన కర్ర ఎంత పొడుగో నీడ అంత సాగితే షాఫయీల అసర్. దానికి రెండింతలు సాగితే హనఫీల అసర్. మన తెలుగు జిల్లాల్లో ఎక్కువమంది హనఫీలం. తమిళ తీరంలోని మరక్కాయర్లు షాఫయీలు. జనవరిలో ఈ ఊళ్ళో ఆ రెండింటికీ తేడా దాదాపు 50 నిమిషాలు. పుస్తకాల్లో చదివితే పెద్ద వివాదంలా అనిపించే సంగతి, కర్ర ముందు కూర్చుంటే రెండు గులకరాళ్ళ మధ్య జానెడు దూరం.

భోజనం తర్వాత మా ఆవిడ, అమ్మాయి పక్క వీధిలో ఒక ఇంటికి వెళ్ళారు. ఇక్కడి ముస్లిం స్త్రీలు తాటాకుతో బుట్టలు, పెట్టెలు అల్లుతారు. లేత ఆకును ఎండబెట్టి, సన్నగా చీల్చి, రంగు వేసి అల్లడం. ఇంట్లో కూర్చుని చేసుకునే పని. అల్లికకు పట్టే కాలంతో పోలిస్తే వచ్చే డబ్బు తక్కువేనని ఆ ఇంటి ఆమె చెప్పిందట. మా ఆవిడ బేరమాడకుండా మూడు బుట్టలు కొన్నది. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె బేరమాడకపోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

చివరికి సరస్సు ఒడ్డు. చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. ఎక్కువ భాగం మన ఆంధ్ర వైపే ఉంది. శీతాకాలంలో రాజహంసలు దిగేది ఇక్కడే. ఇంత పెద్ద నీరు, లోతు మాత్రం చాలాచోట్ల మనిషి నడుము దాటదు. రొయ్య, పీత, చేప అన్నీ సముద్రం ముఖద్వారం తెరిచి ఉంటేనే. ఇసుక మేట వేసి అది పూడితే వలలు ఖాళీ. ఎవరు ఏ రోజు ఎక్కడ వల వేయాలో చీట్లు వేసి వంతులు పంచుకునే పాత పద్ధతి ఇక్కడి జాలర్లకు ఉంది. దాన్ని పాడు అంటారు. దక్షిణాన కాటుపల్లి ఓడరేవును విస్తరించాలన్న ప్రతిపాదన మీద వాళ్ళ భయమంతా ఈ ముఖద్వారం గురించే.

పడవ షికారు అని ఒకాయన పిలిచాడు. చాచా చేయి అడ్డం పెట్టారు. 2011 డిసెంబరు 25న ఇక్కడే చెన్నై నుంచి వచ్చిన యాత్రికుల పడవ మునిగి 22 మంది పోయారు. ఆ తర్వాత షికారు పడవలను నిషేధించారు. పిల్లలతో వెళ్ళే పాఠకులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. ఒడ్డు మీద నుంచే చూడండి. మంచినీళ్ళు వెంట ఉంచుకోండి. ఎండాకాలం వద్దు.

అసర్ వాళ్ళ వేళకే జమాతుతో చదివాం. మా అబ్బాజాన్ ఉంటే తన వేళ దాకా ఆగేవారేమో. నేను ఆగలేదు. చాచా బస్సు దాకా వచ్చారు. డబ్బు ఇవ్వబోతే, ఆ పుస్తకానికి అట్ట వేయించడానికైతే తీసుకుంటానన్నారు.

పొన్నేరి స్టేషన్లో రైలు కోసం కూర్చున్నప్పుడు అమ్మాయి ఫోన్ చేసింది. అవతల మా అమ్మ.

“దాదీమా, దాదా ఉత్తరాల కట్ట ఎక్కడుంది?”

“అటక మీద ఇనప పెట్టెలో ఉండాలే. ఎందుకే ఇప్పుడు? నువ్వు చదువుతావా?”

“నువ్వు చదివి చెప్పు. నేను తెలుగులో రాసుకుంటాను.”

“నా కళ్ళకు ఆ అక్షరాలు ఆనవు తల్లీ. పెద్ద అద్దాలు చేయించమను మీ అబ్బాను.”