ఆంగ్ల దీర్ఘపదముల విభజన: అక్షరములు, పదాంశములు

దీర్ఘములగు ఆంగ్లపదములను విడదీసి చదివించుట తరగతులయందు అనుదినము జరుగు పనియే. అయినను ఆ విభజన రెండు విధములనియు, ఆ రెండింటి ప్రయోజనములు వేఱనియు పలువురు గుర్తింపరు. ఉచ్చారణ ననుసరించునది అక్షరవిభజన. అర్థము ననుసరించునది పదాంశవిభజన. ఈ భేదమును స్థూలముగా నిరూపించుటయే మా ఉద్దేశము.

ఇది తెలుగువారికి క్రొత్తది కాదు. 'రామాలయము'న రా, మా, ల, య, ము అని అక్షరము లైదు. రామ, ఆలయము అని పదములు రెండు. ఆ పదముల సరిహద్దు 'మా' అను అక్షరము నడుమనే పడుచున్నది.

ఆంగ్లమునను ఇట్లే. 'హెలికాప్టర్' అను పదము వినికిడికి హె, లి, కాప్, టర్ అని నాలుగక్షరములు. దాని మూలములైన గ్రీకుపదములకు సుడి, ఱెక్క అని యర్థము. ఱెక్కను దెలుపు పదము 'ప్ట' అను సంయుక్తముతో మొదలగును గాన, సరిహద్దు పకారమునకు ముందు పడవలెను. జనులు దానిని పాటింపక 'హెలి'ని వేఱుచేసి 'హెలిపోర్ట్', 'హెలిప్యాడ్' అను పదములను కల్పించిరి. హాంబర్గ్ నగరనామమునుండి పుట్టిన 'హాంబర్గర్'లోనుండి 'బర్గర్' వెలువడుటయు నిట్టిదే. వ్యుత్పత్తికి విరుద్ధములైనను, వాడుకలో స్థిరపడినందున ఇవియు పదాంశములే యగును.

అక్షరవిభజనకును చరిత్ర కలదు. 'హ్యాబిట్' వంటి పదములందు నడిమి హల్లును పూర్వపు వర్ణక్రమ గ్రంథములు రెండవ యక్షరమున చేర్చుచుండెను. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783లో ప్రకటించిన గ్రంథమున దానిని మొదటి యక్షరమునకు చేర్చెను. హల్లుతో ముగిసిన యక్షరమున అచ్చు హ్రస్వముగా పలుకవలెనని బాలురకు దెలియుటయే దాని ఫలము. 'షన్' అని పలుకబడు ప్రత్యయమును గూడ అతఁడు ఒక్క యక్షరముగా గ్రహించెను.

మన విద్యార్థులకు గల చిక్కు లిపివలన కలుగుచున్నది. 'డిసడ్వాంటేజ్' అని తెలుగులిపిలో వ్రాసినంతనే 'డిస్' అను ఉపసర్గ 'స' అను అక్షరమున మఱుగుపడును. అది కానరానివాడు పదమును బట్టీపట్టునే కాని, 'డిస్‌ఆనర్', 'డిసోబే' అనువానితో దానికి గల సంబంధము నెఱుంగడు. కావున అర్థమునకై పదాంశములను, ఉచ్చారణకై అక్షరములను వేఱువేఱుగ బోధింపవలెనని మా యభిప్రాయము. సంధిని విడదీయ నేర్చిన విద్యార్థికి ఇది దుష్కరము కాదు.