ఎప్పుడూనా, అప్పుడప్పుడా?

మన దేశంలో ఇళ్ళకు వచ్చే విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్ అని మీరు చదివే ఉంటారు. ఒక పని సెకనుకు ఎన్నిసార్లు జరుగుతుందో చెప్పేదే పౌనఃపున్యం. ఇంగ్లీషు వ్యాకరణంలోనూ ఇటువంటిది ఒకటి ఉంది. అయితే అక్కడ అంకెలుండవు, మాటలుంటాయి. ఆల్వేజ్ అంటే ఎల్లప్పుడూ, యూజువల్లీ అంటే సాధారణంగా, ఆఫెన్ అంటే తరచుగా, సమ్‌టైమ్స్ అంటే అప్పుడప్పుడు, రేర్లీ అంటే అరుదుగా, నెవర్ అంటే ఎన్నడూ లేదని. 'ఎంత తరచుగా?' అన్న ప్రశ్నకు జవాబిచ్చే క్రియా విశేషణాలివి.

ఇంగ్లీషు సంగతి సైన్సు మాస్టారికెందుకు అంటారా? వినండి.

ఒకసారి నా తరగతిలో 'చంద్రగ్రహణం అమావాస్యనాడు ఎప్పుడూ రాదు' అన్న వాక్యాన్ని ఇంగ్లీషులో రాయమన్నాను. గ్రహణం పటం చక్కగా గీయగల ఒక విద్యార్థి 'ఎ లూనార్ ఎక్లిప్స్ నెవర్ డజ్ నాట్ అకర్ ఆన్ ఎ న్యూ మూన్ డే' అని రాశాడు. దాని అర్థమేమిటో తెలుసా? 'అమావాస్యనాడు చంద్రగ్రహణం రాకుండా ఎన్నడూ ఉండదు' అని! తెలిసిన విషయమే తలకిందులైపోయింది.

పొరపాటు ఎక్కడ జరిగింది? తెలుగులో 'ఎప్పుడూ వస్తుంది' అంటాం, 'ఎప్పుడూ రాదు' అనీ అంటాం. మాట ఒకటే, కాదని చెప్పే పని క్రియది. ఇంగ్లీషులో అలా కాదు. నెవర్ అనే మాటలోనే 'లేదు' ఇమిడి ఉంది. కనుక దాని పక్కన మళ్ళీ నాట్ చేర్చకూడదు. 'ఎ లూనార్ ఎక్లిప్స్ నెవర్ అకర్స్ ఆన్ ఎ న్యూ మూన్ డే' అంటే చాలు.

ఇక సరైన మాటను ఎంచుకోవడం చూద్దాం. సూర్యగ్రహణం వచ్చేది అమావాస్యనాడే. కనుక 'ఎ సోలార్ ఎక్లిప్స్ ఆల్వేజ్ అకర్స్ ఆన్ ఎ న్యూ మూన్ డే' అన్నది నిజం. మరి ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం వస్తుందా? రాదు. చంద్రుని కక్ష్య భూకక్ష్యాతలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంది. అందువల్ల చాలా అమావాస్యలలో చంద్రుని నీడ భూమికి పైగానో కిందగానో పోతుంది. ఏడాదికి 12 లేక 13 అమావాస్యలుంటే, భూమి మొత్తం మీద సూర్యగ్రహణాలు కనీసం 2, గరిష్ఠంగా 5 మాత్రమే. కనుక వాక్యాన్ని తిప్పి చెప్పినప్పుడు ఆల్వేజ్ పనికిరాదు, సమ్‌టైమ్స్ అనాలి.

ఈ మాటలను వాక్యంలో ఎక్కడ ఉంచాలి? సాధారణంగా ప్రధాన క్రియకు ముందు ఉంచాలి. పైన 'ఆల్వేజ్ అకర్స్' అన్నాం గదా! యామ్, ఈజ్, ఆర్ వంటివే క్రియలైతే వాటి తరువాత ఉంచాలి: 'ద మూన్ ఈజ్ ఆల్వేజ్ ఫుల్ ఎట్ ఎ లూనార్ ఎక్లిప్స్.' సహాయక క్రియ ఉంటే దానికీ ప్రధాన క్రియకూ నడుమ ఉంచాలి: 'ఉయ్ కెన్ నెవర్ సీ ద ఫార్ సైడ్ ఆఫ్ ద మూన్ ఫ్రమ్ ద ఎర్త్.' సమ్‌టైమ్స్‌కు మాత్రం కొంత స్వేచ్ఛ ఉంది. అది వాక్యం మొదట్లోనూ చివరనూ కూడా రాగలదు.

ఇప్పుడు మీకొక పని. సూర్యుడు సరిగ్గా తూర్పు దిక్కునే ఉదయిస్తాడా? మీ డాబా మీద ఒకే చోట నిలబడి, సూర్యుడు ఏ చెట్టు పక్కగా, ఏ ఇంటి పక్కగా పైకి వస్తున్నాడో వారానికొకసారి చొప్పున కొన్ని నెలలపాటు గుర్తు పెట్టుకోండి. ఆ తరువాత 'ద సన్ ___ రైజెస్ ఎగ్జాక్ట్‌లీ ఇన్ ద ఈస్ట్' అన్న వాక్యంలోని ఖాళీని పూరించండి. తొందరపడి ఆల్వేజ్ అని మాత్రం రాయకండి!