గ్రస్తోదయము

2018 జనవరి 31, మాఘ పూర్ణిమ. చంద్రగ్రహణము చూచుటకై మేము కొందఱము వినుకొండలోని రామలింగేశ్వరుని కొండ నెక్కి తూర్పుమొగముగా గూర్చుంటిమి. స్పర్శకాలము సాయంకాలము 5 గంటల 18 నిమిషములు. ఆ వేళకు చంద్రుడే కానరాలేదు.

"పంతులుగారూ, పంచాంగం తప్పింది. నా పట్టుస్నానం వృథా అయింది" అని యొక వృద్ధ రైతు నొచ్చుకొనెను.

తప్పు పంచాంగమున లేదు. భూమినీడ చంద్రునిపై బడుట లోకమంతటికి నొక్క క్షణముననే జరుగును. చంద్రోదయము మాత్రము ఊరూరికి వేఱు. విశాఖపట్టణము మనకు తూర్పున నుండుటచే నచ్చట సుమారు పావుగంట ముందుగా నుదయించెను.

6 గంటలు దాటిన పిమ్మట కోటప్పకొండ దెసను, క్రిందిభాగము నీడలో మునిగి, పైయంచు మాత్రమే వెలుగుచున్న బింబము లేచెను. 6 గంటల 21 నిమిషములకు సంపూర్ణముగా గ్రస్తమై, భూమి చుట్టునున్న గాలి వంచి పంపిన సూర్యకాంతిచే రాగిచెంబువలె నెఱ్ఱనయ్యెను. మోక్షము రాత్రి 8 గంటల 41 నిమిషములకు.

ఇట్లు పట్టుబడియే యుదయించుటను గ్రస్తోదయ మందురు. అప్పుడు కంటికి గోచరించినది మొదలే పుణ్యకాలమని ధర్మశాస్త్రము. ఆ రైతు కొండ దిగి మరల స్నానమాడెను.

కావున స్పర్శకాలమును, మన యూరి చంద్రోదయమును రెంటిని జూడుడు. వానిలో ఆలస్యముగా వచ్చునదియే మనకు గ్రహణారంభము.