ఆళ్లగడ్డ విగ్రహాల ఒప్పందాలు: వ్యాపార న్యాయ మూలాలు, కాంట్రాక్టు ప్రాథమిక సూత్రాలు

వ్యాససంగ్రహం:

నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ శిల్పశాలల్లో విగ్రహాల తయారీకి కుదిరే ఒప్పందాల ఆధారంగా భారత వ్యాపార న్యాయ మూలాలను, కాంట్రాక్టు ప్రాథమిక సూత్రాలను ఈ వ్యాసం వివరిస్తుంది. నోటిమాట ఒప్పందం కూడా చట్టం దృష్టిలో చెల్లుతుంది. అయితే మాట ఇచ్చినవారు ఎవరు, ముందుగా ఇచ్చిన సొమ్ము ఏ స్వభావం గలది, విగ్రహం ఏ ప్రయోజనానికి ఉద్దేశించినది అన్న మూడు అంశాలు తేటతెల్లంగా లేనప్పుడు ఆ ఒప్పందం రక్షణ ఇవ్వలేదని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముఖ్యపదాలు: ఆళ్లగడ్డ, శిల్పులు, న్యాయ మూలాలు, కాంట్రాక్టు, ప్రతిఫలం, బయానా, నష్టపరిహారం.

1. ఉపోద్ఘాతం:

ఆళ్లగడ్డ రాతి శిల్పానికి పేరుపొందిన పట్టణం. ఆలయాలకు కావలసిన దేవతామూర్తులు, కూడళ్లలో నిలిపే నాయకుల విగ్రహాలు ఇక్కడి శిల్పశాలల్లో రూపుదిద్దుకుంటాయి. పెద్ద విగ్రహం పూర్తికావడానికి నెలలు పడుతుంది. అంతకాలం రాయి ఖర్చు, కూలి, శ్రమ శిల్పి భరిస్తాడు. అతని చేతిలో ఉండేది కొంత అడ్వాన్సు మాత్రమే. కొనుగోలుదారు వెనుకడుగు వేస్తే వినాయక విగ్రహాన్ని మరొకరికి అమ్ముకోవచ్చు. ఒక కుటుంబం తమ తండ్రి పోలికలతో చేయించిన విగ్రహాన్ని మాత్రం ఇతరులు కొనరు. ఆ నష్టం ఎవరిది అన్న ప్రశ్నకు ఏదో ఒక గ్రంథంలో సిద్ధంగా సమాధానం దొరకదు. న్యాయానికి గల వివిధ మూలాలను కలిపి చదివినప్పుడే అది తెలుస్తుంది.

2. న్యాయ మూలాలు:

2.1. శాసనాలు: భారత కాంట్రాక్టు చట్టం 1872 సెప్టెంబరు 1 నుండి అమలులో ఉంది. సరుకుల విక్రయానికి సంబంధించిన అధ్యాయాన్ని దాని నుండి తొలగించి 1930లో ప్రత్యేకంగా సరుకుల విక్రయ చట్టం చేశారు. స్వాతంత్ర్యానికి పూర్వపు ఈ శాసనాలు రాజ్యాంగ 372వ అధికరణం వలన నేటికీ కొనసాగుతున్నాయి. కాంట్రాక్టులు ఉమ్మడి జాబితాలోని 7వ అంశం కనుక వాటిపై కేంద్రం, రాష్ట్రం రెండూ శాసనాలు చేయవచ్చు.

2.2. పూర్వ తీర్పులు: నాటి కర్నూలు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో భాగం కావడంతో మద్రాసు హైకోర్టు తీర్పులు ఇక్కడి న్యాయ వారసత్వంలో చేరాయి. సుప్రీంకోర్టు ప్రకటించిన న్యాయసూత్రం 141వ అధికరణం ప్రకారం దేశంలోని అన్ని న్యాయస్థానాలకూ శిరోధార్యం.

2.3. వ్యాపార ఆచారం: చట్ట నిబంధనలకు విరుద్ధం కాని వర్తక ఆచారాలకు తాను భంగం కలిగించనని కాంట్రాక్టు చట్టం మొదటి సెక్షనులోనే చెప్పింది. విక్రయ చట్టంలోని 16(3) సెక్షను ప్రకారం సరుకు నాణ్యతకు సంబంధించిన షరతు వర్తక వాడుక వలన కూడా ఒప్పందంలో చేరవచ్చు. కనుక శిల్పుల వృత్తి సంప్రదాయాన్ని సాక్ష్యాలతో రుజువు చేయగలిగితే న్యాయస్థానం దానిని పరిగణిస్తుంది.

2.4. రాజ్యాంగం: పై మూలాలన్నీ రాజ్యాంగానికి లోబడినవే. ఆళ్లగడ్డ మండలంలోని అహోబిల క్షేత్రం ఇందుకు ఉదాహరణ. అక్కడి లక్ష్మీనరసింహస్వామి ఆలయానికి రాష్ట్ర ప్రభుత్వం కార్యనిర్వహణాధికారిని నియమించడం చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2022 అక్టోబరులో తీర్పునిచ్చింది. ఆలయం అహోబిల మఠంలో అంతర్భాగమని, ఆ నియామకం 26(డి) అధికరణానికి విరుద్ధమని పేర్కొంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. ఆలయం తరఫున వ్యవహరించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న కాంట్రాక్టు న్యాయంలోనూ కీలకమైనదే.

3. కాంట్రాక్టు ప్రాథమిక సూత్రాలు:

3.1. ప్రతిపాదన, స్వీకృతి: శిల్పశాల ముందు ప్రదర్శనకు ఉంచిన విగ్రహం ప్రతిపాదన కాదు, ప్రతిపాదనకు ఆహ్వానం మాత్రమే. కొనుగోలుదారు ధర చెప్పడం ప్రతిపాదన. శిల్పి ఒప్పుకోవడం స్వీకృతి. టెలిఫోనులో కుదిరిన కాంట్రాక్టు, స్వీకృతి వినబడిన చోట ఏర్పడుతుందని భగవాన్‌దాస్ గోవర్ధన్‌దాస్ కేడియా కేసులో (1966) సుప్రీంకోర్టు నిర్ణయించింది. హైదరాబాదు నుండి కొనుగోలుదారు ధర ప్రతిపాదించగా ఆళ్లగడ్డ నుండి శిల్పి ఫోనులో అంగీకరిస్తే కాంట్రాక్టు హైదరాబాదులో ఏర్పడినట్లు. శిల్పి చెప్పిన ధరకు కొనుగోలుదారు అంగీకరిస్తే అది ఆళ్లగడ్డలో ఏర్పడినట్లు. దావా ఎక్కడ వేయవచ్చో నిర్ణయించే అంశాలలో ఇది ఒకటి.

3.2. ప్రతిఫలం: గుడి కమిటీకి శిల్పి మాట ఇస్తాడు, సొమ్ము మాత్రం దాత చెల్లిస్తాడు. ఈ ప్రతిఫలం చెల్లుతుందా? వాగ్దానం పొందినవారు గానీ, వేరెవరైనా గానీ ప్రతిఫలం ఇవ్వవచ్చని 2(డి) సెక్షను చెబుతుంది. చిన్నయ్య వర్సెస్ రామయ్య కేసులో (1882) ఒక తల్లి కూతురికి ఆస్తిని దానమిస్తూ, బంధువులకు ఏటా కొంత సొమ్ము చెల్లించాలని నిర్దేశించింది. చెల్లిస్తానని కూతురు ఆ బంధువులకు వ్రాసి ఇచ్చింది. తల్లి ఇచ్చిన ఆస్తే ఆ వాగ్దానానికి తగిన ప్రతిఫలమని మద్రాసు హైకోర్టు తేల్చింది.

దాత కేవలం మాట ఇచ్చి తప్పుకుంటే పరిస్థితి వేరు. హౌరా పురమందిరానికి 100 రూపాయల చందా ఇస్తానన్న వాగ్దానాన్ని నమ్మి నిర్మాణానికి కాంట్రాక్టు కుదుర్చుకున్నందున, ఆ చందా వసూలు చేయదగినదని కలకత్తా హైకోర్టు కేదార్‌నాథ్ భట్టాచార్జీ కేసులో (1886) నిర్ణయించింది. మసీదు మరమ్మతుకు 500 రూపాయలు ఇస్తానన్న మాటపై ఏ పనీ మొదలుకానందున, అబ్దుల్ అజీజ్ కేసులో (1914) అలహాబాదు హైకోర్టు వసూలుకు అంగీకరించలేదు. దాత మాటను నమ్మి కమిటీ శిల్పికి పని అప్పగించిందా లేదా అన్నదే ఇక్కడ గీటురాయి.

3.3. అర్హత: మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుండీ చెల్లదని మోహరీ బీబీ కేసులో (1903) ప్రివీ కౌన్సిలు చెప్పింది. శిల్పులకు తరచుగా ఎదురయ్యే సమస్య మైనర్లతో కాదు, రిజిస్టరు కాని కమిటీలతో. అటువంటి కమిటీకి చట్టం దృష్టిలో వ్యక్తిత్వం లేదు. సాధారణంగా ఒప్పందం చేసుకున్న సభ్యులే వ్యక్తిగతంగా బాధ్యులవుతారు. ఆలయంలోని దేవతామూర్తికి మన న్యాయం వ్యక్తిత్వాన్ని గుర్తించినా, దేవుని తరఫున ఒప్పుకోవలసింది అధికారం గల నిర్వాహకులే. అధికారం లేనివారి సంతకం ఆలయాన్ని బంధించదు.

4. విక్రయమా, పనితనమా?

ఫొటోగ్రాఫరు గ్రాహకుని ఫొటో తీసివ్వడం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించిన కాంట్రాక్టని బి.సి. కామె కేసులో సుప్రీంకోర్టు భావించింది. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కేసులో (2000) ఓడ నిర్మించి అప్పగించడాన్ని విక్రయంగా పరిగణించింది. ఉభయ పక్షాల ప్రధానోద్దేశం ఏమిటన్నదే భేదానికి మూలం. 46వ రాజ్యాంగ సవరణ (1982) తరువాత పన్నుల విషయంలో ఈ భేదానికి ప్రాధాన్యం తగ్గినా, పక్షాల హక్కుల విషయంలో అది మిగిలే ఉంది.

విక్రయమైతే 16(1) సెక్షను వర్తిస్తుంది. విగ్రహం ప్రతిష్ఠ కోసమని కొనుగోలుదారు తెలియజేసి, శిల్పి నైపుణ్యాన్ని నమ్మితే, అది పూజార్హంగా ఉండాలన్న షరతు చెప్పకుండానే ఒప్పందంలో చేరుతుంది. రాతిలో దాగిన పగులు తరువాత బయటపడితే శిల్పి ఆ షరతు ఉల్లంఘనకు బాధ్యుడవుతాడు. అదే విగ్రహాన్ని ఉద్యానవనంలో అలంకారానికి కొన్నవారు పూజార్హతను షరతుగా చూపలేరు.

5. ఉల్లంఘన, బయానా:

2,00,000 రూపాయలకు కుదిరిన హనుమంతుని విగ్రహానికి 50,000 రూపాయలు అడ్వాన్సుగా ఇచ్చి, కొనుగోలుదారు తప్పుకున్నాడనుకుందాం. శిల్పి దానిని మరొకరికి న్యాయమైన ధరకు, 1,70,000 రూపాయలకు అమ్మితే 73వ సెక్షను ప్రకారం అతని నష్టం 30,000 రూపాయలు. అడ్వాన్సు ధరలో భాగం మాత్రమే అయితే మిగిలిన 20,000 రూపాయలు తిరిగి ఇవ్వవలసి వస్తుంది.

అడ్వాన్సుకూ బయానాకూ గల భేదం ఇక్కడ ముఖ్యం. ఒప్పందాన్ని నెరవేరుస్తామన్న హామీగా ఇచ్చినది బయానా. ఫతే చంద్ కేసులో (1963) కొనుగోలుదారు మొత్తం 25,000 రూపాయలు చెల్లించగా, బయానాగా పేర్కొన్న 1,000 రూపాయలను మాత్రమే అమ్మకందారు ఉంచుకోగలిగాడు. మిగిలిన 24,000 రూపాయలు జప్తు చేసుకునే హక్కు లేదని సుప్రీంకోర్టు తేల్చింది. బయానా కూడా సహేతుకమైన మొత్తమే కావాలి.

పోలిక విగ్రహం విషయంలో లెక్క మారుతుంది. దానికి మరో కొనుగోలుదారు లేడు కనుక నష్టం దాదాపు పూర్తి ధరకు చేరవచ్చు. పని మధ్యలో ఆగితే, చేయకుండా మిగిలిన ఖర్చును అందులోనుండి తీసివేయాలి. హక్కు ఉన్నా దానిని రుజువు చేయాలి. పైగా ఉల్లంఘన జరిగిన నాటి నుండి మూడేళ్లలోపు దావా వేయాలి.

6. ముగింపు:

విగ్రహపు ఒప్పందానికి స్టాంపు కాగితం తప్పనిసరి కాదు. ఫోను సందేశాలు కూడా చట్టం నిర్దేశించిన పద్ధతిలో సమర్పిస్తే సాక్ష్యమవుతాయి. కొలతలు, రాయి రకం, ప్రతిష్ఠా ప్రయోజనం, ఒప్పుకున్నవారి పేరు, హోదా, సొమ్ములో ఎంత బయానా, ఎంత అడ్వాన్సు, మట్టి నమూనాను ఎవరు ఏనాడు ఆమోదించారు అన్న వివరాలను ఒక పుటలో వ్రాసి ఉభయులూ సంతకం చేస్తే పై వివాదాలలో అధికభాగం తలెత్తవు. వాణిజ్య శాస్త్ర బోధనలో ఇటువంటి పుటను విద్యార్థులచేత వ్రాయించడం సెక్షన్ల అన్వయాన్ని నేర్పుతుంది. స్థానిక వృత్తులలో వాడుకలో ఉన్న ఆచారాలను నమోదు చేయడం పరిశోధకులు చేపట్టదగిన పని. ఆచారాన్ని చట్టం గౌరవిస్తుంది గానీ, రుజువు లేని ఆచారాన్ని న్యాయస్థానం అమలు చేయలేదు.