పోర్చుగీసులో బడి మాటలు: తెలుగు అభ్యాసకులకు ఎదురయ్యే వాక్యనిర్మాణ భేదాలు

ఉపోద్ఘాతం:

పోర్చుగీసు తెలుగువారికి పూర్తిగా పరాయి భాష కాదు. మేస్త్రీ, అల్మారా, పాదిరీ వంటి మాటలకు మూలం ఆ భాషే. బ్రెజిల్ ఉచ్చారణలో ‘మెస్త్రి’ అంటే గురువు, నిష్ణాతుడు; స్నాతకోత్తర పట్టం పొందినవారికీ ఆ మాటే వర్తిస్తుంది. తెలుగులో అది కట్టడపు పనిని నడిపించే వ్యక్తిని సూచించే పదంగా స్థిరపడింది. అయితే అరువు పదాల పరిచయం వాక్యరచనకు చాలదు. బడికి, చదువుకు సంబంధించిన నిత్యవ్యవహార వాక్యాలలో ఈ రెండు భాషల పోలికలను, భేదాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలన్నీ బ్రెజిల్ ఉచ్చారణకు దగ్గరగా ఇవ్వబడ్డాయి.

చదువు - రెండు క్రియలు:

తెలుగులో పత్రికను చదువుతాం, డిగ్రీనీ చదువుతాం. పోర్చుగీసులో మొదటిదానికి ‘లేర్’, రెండవదానికి ‘ఇస్తుదార్’ అనే వేర్వేరు క్రియలు ఉన్నాయి. ‘చరిత్ర చదువుతున్నాను’ అనే వాక్యంలో చరిత్ర చేతిలోని పుస్తకమా, కళాశాలలోని పాఠ్యవిషయమా అన్నది ముందే తేల్చుకొని క్రియను ఎంచుకోవాలి.

నాకు ఉంది - నేను కలిగి:

‘నాకు ఒక సందేహం ఉంది’ అన్నప్పుడు తెలుగులో క్రియ సందేహాన్ని అనుసరిస్తుంది. అందుకే ‘రెండు సందేహాలు ఉన్నాయి’ అంటాం. పోర్చుగీసులో ‘తేన్యు ఉమ దూవిద’ అంటారు. ఇక్కడ కర్త మాట్లాడే వ్యక్తి. సందేహాలు ఎన్నయినా ‘తేన్యు’ మారదు. ‘తేన్యు ఆవ్ల అజ్ ఓయ్తు’ (నాకు ఎనిమిదింటికి క్లాసు ఉంది) అన్న వాక్యమూ ఇలాంటిదే. ‘నాకు’ అనే రూపాన్ని యథాతథంగా అనువదిస్తే వాక్యం చెడుతుంది.

పరీక్షను తెలుగు విద్యార్థి ‘రాస్తాడు’. బ్రెజిల్ విద్యార్థి ‘చేస్తాడు’. అక్కడ వాడే క్రియ ‘ఫజేర్’.

క్రియాంతాల సామ్యం:

‘చదువుతాను, చదువుతాం’ అన్నప్పుడు కర్తృపదం లేకున్నా పురుష, వచనాలు తెలుస్తాయి. ‘ఇస్తూదు, ఇస్తుదాముస్’ రూపాలలోనూ అంతే. ఇంగ్లీషు వివరణలపై మాత్రమే ఆధారపడే అభ్యాసకునికి ఈ పోలిక సులువుగా స్ఫురించదు.

వారాల లెక్క:

తెలుగు వారాలకు గ్రహాల పేర్లు ఉన్నాయి. పోర్చుగీసులో సోమవారం నుండి శుక్రవారం వరకు సంఖ్యలే పేర్లు. ఆ లెక్క ఆదివారంతో మొదలవుతుంది. కాబట్టి ‘రెండవది’ అని అర్థమిచ్చే ‘సెగూంద ఫేయ్ర’ సోమవారమే. సోమవారాన్ని మొదటి రోజుగా లెక్కించే విద్యార్థి దానిని మంగళవారంగా భావిస్తే తరగతి ఒక రోజు ముందే ముగిసిపోయి ఉంటుంది.

ముగింపు:

వాక్యాలను కంఠస్థం చేయించడంకంటే, తెలుగు నిర్మాణం ఎక్కడ తోడ్పడుతుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూపడం ప్రయోజనకరం. తెలుగువారి కోసం రూపొందే పోర్చుగీసు పాఠాలు ‘నాకు ఉంది’ వంటి వాక్యాలతో మొదలైతే, అభ్యాసకుని మాతృభాషా జ్ఞానమే అతని తొలి వ్యాకరణం కాగలదు.