జడ మీరే వేసుకోగలుగుతున్నారా?

పొద్దున్నే లేచేసరికి వేళ్ళు బిగుసుకుపోయి, పాలగిన్నె పట్టుకోవడానికి కూడా గంటసేపు ఆగవలసి వస్తోందా? రెండు చేతుల వేళ్ళ కణుపులు, మణికట్లు వాచి, వారాల తరబడి అలాగే ఉంటున్నాయా? అయితే వయసు మీద పడుతోంది కదా అని ఊరుకోకండి. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ళవాతం కావచ్చు. ఈ జబ్బు మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ.

దీనికి కొత్త మందు వచ్చినప్పుడు అది పనిచేస్తోందని ఎలా తేలుస్తారో తెలుసా? రక్తం పరీక్షిస్తారు, వాచిన కీళ్ళు లెక్కపెడతారు. అంతటితో సరిపోదు. మనిషి తన పని తాను చేసుకోగలుగుతోందా అన్నదీ చూడాలి. అది తెలియడానికి థర్మామీటరు వంటి సాధనం లేదు, మనల్ని అడగవలసిందే.

అలా అడిగే పట్టికల్లో పేరున్నది 'హాక్'. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో డాక్టర్ జేమ్స్ ఫ్రైస్ బృందం తయారుచేసి 1980లో ప్రకటించింది. బట్టలు కట్టుకోవడం, తలంటుకోవడం, నిండు కప్పు నోటిదాకా ఎత్తడం, కుళాయి తిప్పడం - ఇలా 8 రకాల పనుల మీద 20 ప్రశ్నలు. కష్టం లేకపోతే 0, కొంచెం కష్టమైతే 1, చాలా కష్టమైతే 2, అసలు చేయలేకపోతే 3. ఒక్కో రకంలో పెద్ద మార్కు తీసుకుని సగటు కడతారు. ఇక్కడ మార్కు తగ్గితేనే మేలు. 0.22 తగ్గినా రోగికి తేడా తెలుస్తుందని లెక్క.

రెండోది 'ఎస్.ఎఫ్.-36' పట్టికలోని పది ప్రశ్నలు. పరుగెత్తడం, మెట్లెక్కడం, మైలుకుపైగా నడవడం వంటివి అడుగుతారు. దీంట్లో 0 నుంచి 100 వరకు మార్కులు, ఎక్కువ వస్తేనే మేలు.

మరి ఏది మంచిదంటారా? మొదటిది చేతులను గురించి బాగా అడుగుతుంది. అయితే జబ్బు తేలికగా ఉన్నవాళ్ళకు దాంట్లో 0 వచ్చేస్తుంది, ఇక బాధే లేదనిపిస్తుంది. వాళ్ళనే నాలుగంతస్తులు ఎక్కగలరా అని అడిగితే లోపం బయటపడుతుంది. రెండోది చేతివేళ్ళ సంగతి దాదాపు పట్టించుకోదు. అందుకే చాలా పరిశోధనల్లో రెండూ వాడతారు.

మాంసం కోసుకోగలరా, తొట్టిలో స్నానం చేయగలరా అన్న ప్రశ్నలు మన ఇళ్ళలో అందరికీ నప్పవు కదా! అందుకే 2002లో మన దేశపు డాక్టర్లు 12 ప్రశ్నల పట్టిక ప్రకటించారు. చీర కట్టుకోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, కూరల బజారుకు వెళ్ళి రావడం అందులో చేరాయి.

ఇదంతా మనకెందుకంటే, ఏ పట్టికైనా మన జవాబును బట్టే నడుస్తుంది. "ఏదో నెట్టుకొస్తున్నానండీ" అనడం మనకు అలవాటు. జాడీ మూత పిల్లాడిచేత తీయించుకుని "నేనే తీస్తున్నాను" అంటే డాక్టరుగారికి ఎలా తెలుస్తుంది? వాపు వల్ల పోయిన శక్తి మందుతో చాలావరకు తిరిగి వస్తుంది. కీలు అరిగి వంకర తిరిగాక పోయినది మాత్రం అంతగా తిరిగి రాదు. దాచిన ప్రతి నెలా మనకే నష్టం.

ఈసారి ఆస్పత్రికి వెళ్ళేముందు ఒక కాగితం తీసుకోండి. వారం రోజుల్లో జడ వేసుకోవడం, పిండి కలపడం, బట్టలు పిండడం, నేలమీంచి లేవడం ఎలా ఉన్నాయో రాయండి. ఎవరి సాయం తీసుకున్నారో కూడా మొహమాటపడకుండా రాయండి. ఆ కాగితం డాక్టరుగారి చేతికివ్వండి.