కిడ్నీలో రాళ్లు: ఏ లేజర్ అని అడిగే ముందు ఏం తెలుసుకోవాలి?

నడుము పక్క నుంచి పొత్తికడుపులోకి దిగే ఆ నొప్పి ఒకసారి వచ్చినవాళ్లు మర్చిపోలేరు. స్కానింగ్ రిపోర్టు చేతికొచ్చాక అసలు గందరగోళం మొదలవుతుంది. ఒక ఆసుపత్రిలో ‘హోల్మియం లేజర్ చాలు’ అంటారు. ఇంకోచోట ‘కొత్త థులియం మెషీన్ ఉంది, కాకపోతే ఖర్చు కాస్త ఎక్కువ’ అంటారు. ఆ తేడాకు డబ్బు పెట్టాలా వద్దా?

ముందు ఒక చిక్కుముడి విప్పుకోవాలి. లేజర్ అనేది రాయిని పగలగొట్టే పనిముట్టు. రాయి దగ్గరికి ఏ దారిలో వెళ్తారన్నది వేరే విషయం. ఆపరేషన్‌కు పేరు, ప్రభుత్వ పథకంలో ప్యాకేజీ సాధారణంగా ఆ దారిని బట్టే ఉంటాయి.

మూడు దారులు

రాయి కిడ్నీ నుంచి జారి మూత్రాశయానికి వెళ్లే సన్నని గొట్టంలో, అంటే యూరేటర్‌లో ఇరుక్కుంటే యూఆర్‌ఎస్‌ఎల్ చేస్తారు. మూత్రం వచ్చే దారిలోంచే సన్నని స్కోప్ పంపి, రాయిని లేజర్‌తో పగలగొడతారు. రాయి కిడ్నీలోనే ఉండి 2 సెంటీమీటర్ల లోపు అయితే వంగే స్కోప్‌తో చేసే ఆర్‌ఐఆర్‌ఎస్ ఒక మార్గం. ఈ రెండింటిలోనూ ఒంటిమీద కోత ఉండదు. అంతకంటే పెద్ద రాయికి సాధారణంగా పీసీఎన్‌ఎల్ చెబుతారు. వీపు వైపు చిన్న రంధ్రం చేసి నేరుగా కిడ్నీలోకి వెళ్తారు. ‘లేజర్ కదా, రంధ్రం ఎందుకు’ అని పెద్ద రాయికి కూడా ఆర్‌ఐఆర్‌ఎస్సే కావాలని పట్టుబడితే, ఒకటికి రెండుసార్లు మత్తు తీసుకోవాల్సి రావచ్చు.

బయటి నుంచి షాక్ తరంగాలతో రాయిని పగలగొట్టే ఈఎస్‌డబ్ల్యూఎల్‌ను కూడా చాలామంది లేజర్ అనుకుంటారు. అది లేజర్ కాదు. ఇక 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం వాటంతటవే పడిపోతాయి. జ్వరం లేకుండా, నొప్పి మందులకు లొంగుతుంటే, కొన్ని వారాలు ఆగి చూడవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

హోల్మియం, థులియం తేడా

హోల్మియం లేజర్ 1990ల నుంచి వాడుకలో ఉంది. ఎంత గట్టి రాయినైనా పగలగొడుతుంది. ఒక్కో దెబ్బ బలంగా పడటంతో రాయి కొన్నిసార్లు వెనక్కి ఎగిరిపోతుంది, డాక్టర్ మళ్లీ వెతికి పట్టుకోవాలి. థులియం ఫైబర్ లేజర్ కొన్నేళ్ల కిందటే వచ్చింది. దీని కిరణాన్ని నీరు సుమారు 4 రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అందుకే తక్కువ శక్తితో, చాలా వేగంగా చిన్న చిన్న దెబ్బలు వేస్తూ రాయిని పొడి చేయగలదు. ఫైబర్ కూడా సన్నగా ఉంటుంది కాబట్టి స్కోప్ తేలిగ్గా వంగుతుంది.

మరి ఫలితం? నార్వేలో 120 మందిపై చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, మూడు నెలల తర్వాత రాయి పూర్తిగా పోయినవారు థులియంతో 92 శాతం, హోల్మియంతో 67 శాతం. కానీ ఈ తేడా అంతా కిడ్నీ రాళ్లలోనే. యూరేటర్ రాళ్లలో రెండింటి ఫలితమూ ఒకటే. పైగా అక్కడ వాడింది తక్కువ శక్తి ఉన్న హోల్మియం యంత్రం. అమెరికాలో 108 మందిపై చేసిన మరో పరీక్షలో ‘మోసెస్’ అనే మెరుగైన హోల్మియంను థులియంతో పోల్చారు. చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాబట్టి యూరేటర్‌లో ఇరుక్కున్న రాయికి థులియం కోసం అప్పు చేయనక్కర్లేదు. కిడ్నీలోని రాయికైతే యంత్రం పేరుతో పాటు, ఆ డాక్టర్ అలాంటి కేసులు ఎన్ని చేశారో అడగడం మేలు. ఏ లేజర్ అయినా లోపలి నీటిని వేడెక్కిస్తుంది. దాన్ని అదుపులో పెట్టేది చేయి తిరిగిన డాక్టరే.

స్టెంట్ తీసే తేదీ

ఆపరేషన్ తర్వాత చాలామందికి లోపల డీజే స్టెంట్ అనే మెత్తని గొట్టం పెడతారు. కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో దాన్ని తీయాలి. నొప్పి తగ్గగానే ఊరెళ్లి దాని సంగతి మర్చిపోయేవాళ్లున్నారు. నెలల తరబడి ఉంటే దానిమీదే రాళ్లు పేరుకుంటాయి, కిడ్నీ దెబ్బతినే ప్రమాదమూ ఉంది. డిశ్చార్జి కాగితంలో స్టెంట్ ఉందో లేదో, ఎప్పుడు తీయాలో రాయించుకోండి. ఆ తేదీని ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా పెట్టించండి.

పథకంలో వస్తుందా?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద కిడ్నీ రాళ్ల ఆపరేషన్లకు ప్యాకేజీలున్నాయి. చేరే ముందే నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర మీకు రాసిన ఆపరేషన్ పేరు చెప్పి, అది జాబితాలో ఉందా, స్టెంట్ తీయడం అందులోనే కలుస్తుందా అని అడగండి. ‘ఫలానా లేజర్ కావాలంటే అదనం’ అంటే డబ్బు కట్టేయకుండా 104కు ఫోన్ చేయండి. హైదరాబాద్‌లోని నిమ్స్, ఉస్మానియా, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లోనూ యూరాలజీ విభాగాలున్నాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ పోలికలన్నీ పక్కన పెట్టాలి. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అడ్డుపడిన మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే అది రక్తంలోకి పాకి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు డాక్టర్లు స్టెంట్ వేసో, వీపు వైపు గొట్టం పెట్టో ముందు మూత్రాన్ని బయటికి తెప్పిస్తారు. జ్వరం తగ్గాకే రాయి జోలికి వెళ్తారు.